ఇల్లును పనిచోటును

ఒక పట్టణపు చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా దాని కోటను గూర్చియు, దేవాలయమును గూర్చియు, దానినేలిన ప్రభువులను గూర్చియు వ్రాయుదురు. ఆ కోటకు రాళ్ళు మోసినవారు ఎచ్చట నిద్రించిరి, ఆ బజారులో మూటలెత్తినవారు ప్రొద్దుగ్రుంకిన తరువాత ఏ గుడిసెకు మరలిరి అను ప్రశ్నను మనవారు తరచుగా వేసికొనలేదు. కాని పట్టణపు మేలుకీడులను తెలిసికొనుటకు దీనికంటె మంచి కొలబద్ద లేదు. పనివానికి పనిచోటునుండి ఎంత దూరమున ఇల్లున్నది, ఆ యింటి నేల ఎవరి పేర నున్నది, వానిని దానినుండి వెడలగొట్టు అధికారము ఎవరికి గలదు? ఈ మూడు సంగతులు తెలిసినచో ఆ పట్టణపు స్వరూపము చాలవరకు తెలిసినట్లే.

ఈ ప్రశ్నలు నేడు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములకు మిక్కిలి అవసరములైనవి. 2011 జనాభా లెక్కలలో నాటి కరీంనగరు జిల్లాలో 37,76,269 మందియు, ఆదిలాబాదు జిల్లాలో 27,41,239 మందియు ఉండిరి. 2016 అక్టోబరు 11వ తేదిన ఈ రెండు జిల్లాలును విభజింపబడెను. కరీంనగరునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, ఆదిలాబాదునుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలును వెలువడెను. కొన్ని మండలములు ఇరుగుపొరుగు జిల్లాలలో చేరెను. అంతవరకు చిన్న పట్టణములుగా నున్నవి జిల్లా కేంద్రములయ్యెను. కార్యాలయములు వచ్చెను. వాని వెంట ఉద్యోగులు, వకీళ్ళు, వైద్యులు, వర్తకులు వచ్చిరి. వీరందరికి ఇండ్లు కట్టుటకు తాపీపనివారును, వీధులూడ్చుటకు పాకీపనివారును, అంట్లు తోముటకు పనిమనుషులును కావలసివచ్చిరి. ఊరినానుకొనియున్న పొలములు ప్లాట్లయ్యెను. తాపీవాడు కట్టిన యింట తాపీవానికి చోటు లేదు. అది క్రొత్త మాట కాదు. కాని ఊరిలోనే వానికి చోటు లేకుండ బోవుట ఆలోచింపదగిన మాట.

పేదలకు ఇండ్లు కట్టించుట ఒక పని. వారికి పట్టణములో చోటిచ్చుట మరియొక పని. మొదటిదానిని మన ప్రభుత్వములు పలుమారులు చేసినవి. రెండవది అరుదుగా జరిగినది. ఈ రెంటికిని గల భేదమును మన ప్రాంతపు నూరేండ్ల చరిత్ర స్పష్టముగా చూపుచున్నది.

పూర్వపు మన యూళ్ళలో ఇల్లును పనిచోటును వేరు కావు. సాలెవాని మగ్గపు గుంట ఇంటిలోనే యుండెడిది. భర్త నేయుచుండగా భార్య కండెలు చుట్టెడిది, పిల్లలు ఆసుపోయుటలో తోడ్పడెడివారు. కరీంనగరమున వెండితీగ పనిచేయువారును, నిర్మలలో పొణికికఱ్ఱతో బొమ్మలు చెక్కు నకాషీలును ఇంటి వసారాలోనే కొలిమియు, ఉలియు, రంగుగిన్నెయు పెట్టుకొనిరి. కోమటి యింటికి ముందు అంగడి, వెనుక వంటిల్లు. దీనివలన రాకపోకల వ్యయము లేదు. ముసలివారును చేతనైన పని చేసికొనగలిగిరి. వీధి పగలును రాత్రియు మనుష్యసంచారము గలిగియుండెను.

ఇంతమాత్రమున ఆ పాత యేర్పాటును స్వర్ణయుగమని పొగడరాదు. అచ్చట పనియు నివాసమును కలిసియుండెను గాని మనుష్యులు కలిసియుండలేదు. ఒక్కొక్క కులమున కొక్కొక్క వాడ. మాలమాదిగల గూడెము ఊరికి వెలుపల. ఊరి పొలమున దున్నుటకు, చచ్చిన పశువు నెత్తుటకు వారు కావలెను. ఊరి బావిలో చేద వేయుటకు వారు కూడదు. పనిచోటునకు దగ్గరగా ఇల్లుండవలెనను సూత్రమును ఆ పాత యూరు తన కనుకూలమైనంత మేరకే పాటించెను. ఇప్పుడు మనము పాతదానినుండి గ్రహింపవలసినది దాని సౌకర్యమునే గాని దాని హద్దులను గాదు.

రాజకీయ కేంద్రము మారినప్పుడు పట్టణపు గతి యెట్లు మారునో తెలిసికొనుటకు ఎలగందుల యొకటి చాలును. మానేటి యొడ్డున కొండమీద కోట గల ఆ యూరు పూర్వము జిల్లాకు కేంద్రము, జిల్లాకు పేరును అదియే. 1905లో కేంద్రము కరీంనగరమునకు మారెను. కచ్చేరి పోయిన వెంటనే వకీలు పోయెను, వకీలు వెంట వర్తకుడు పోయెను. నేడు ఎలగందుల కోటను చూడవచ్చువారి గ్రామము మాత్రమే. సయ్యద్ కరీముద్దీన్ పేర వెలసిన కరీంనగరమో, 2005లో కార్పొరేషనై, 2017లో కేంద్రప్రభుత్వపు స్మార్ట్ నగరముల జాబితా కెక్కెను. సర్కారు తన కచ్చేరిని ఎచ్చట పెట్టునో అచ్చటి నేల వెల పెరుగును. ఆ వెల సర్కారు చేసిన నిర్ణయమువలన పుట్టినదే గాని భూస్వామి కష్టమువలన పుట్టినది కాదు. అట్టి పెరుగుదలలో కొంత భాగమైనను ఊరి పేదలకు చెందవలెనను న్యాయము 1905లో ఎవరికిని తోచియుండదు. 2016లో తోచవలసియుండెను.

పట్టణమును బుద్ధిపూర్వకముగా సరిదిద్దు ప్రయత్నము నాటి హైదరాబాదు సంస్థానపు రాజధానిలో జరిగెను. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీనది పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణములను, వేలాది గృహములను హరించెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి నదిని అరికట్టు మార్గము చెప్పిరి. తత్ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును ఏర్పడెను. ఇల్లుకోల్పోయినవారిని గూర్చియు, ఇరుకు వాడలలో ప్లేగు, కలరాలకు పాలగుచున్నవారిని గూర్చియు పనిచేయుటకు 1912లో నగరాభివృద్ధి సంఘము స్థాపింపబడెను. ఆ సంఘము మురికివాడలను తొలగించి వరుస ఇండ్లు కట్టించెను, వీధులను వెడల్పుచేసెను. అది చేసిన పనులలో పత్తర్‌గట్టీ బజారు ముఖ్యముగా గమనింపదగినది. చార్మినారునకు పోవు మార్గమున ఇరుప్రక్కల రాతి కమానుల క్రింద అంగళ్ళు, వానిపై నివాసములు. నేడు పట్టణ శాస్త్రజ్ఞులు మిశ్రోపయోగమని పేరుపెట్టి బోధించుచున్న పద్ధతి అదియే. క్రింది అంగడి అద్దె కట్టడమును పోషించును; పై నివాసము వీధిని కాపాడును. కాని ఆ సంఘము పేరులోనే నగరమున్నది. దాని కృషి రాజధానికే పరిమితము. జిల్లా పట్టణములు తమంతట తామే పెరిగెను.

ఇంచుమించు ఆ కాలముననే పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు దేశపు విద్వాంసుడు మన దేశమునకు వచ్చెను. 1914 మొదలు పదేండ్లకాలము పలు పట్టణములు తిరిగి, మద్రాసు రాజధానిలోని పట్టణములను గూర్చియు, ఇందూరు సంస్థానమును గూర్చియు నివేదికలు వ్రాసెను. ఆయన బోధ సులభమైనది. దారము పట్టి గీచినట్లు తిన్నని రాజవీధి నొకదానిని తీయుటకై వందల ఇండ్లు కూల్చుట అవివేకము. శిథిలమైన నాలుగిండ్లు తీసి, గాలి వెలుతురు వచ్చునట్లు చేసి, తక్కిన వాడను వాడగానే యుంచినచో ఖర్చును తక్కువ, కన్నీరును తక్కువ. వైద్యుడు రోగిని బ్రతికించుటకు కత్తి పట్టునుగాని కత్తికి పని కల్పించుటకు రోగిని పడుకొనబెట్టడుగదా. ఈ మాట మన పట్టణములలో రోడ్డు వెడల్పు ప్రణాళికలు వచ్చినప్పుడెల్ల జ్ఞప్తికి తెచ్చుకొనదగినది.

జిల్లాలలో ప్రణాళికతో వెలసినవి ప్రభుత్వ పట్టణములు గావు, కంపెనీ పట్టణములు. కాజీపేటనుండి బల్లార్షావరకు రైలుమార్గము 1929 నాటికి పూర్తియయ్యెను. 1920లో ఏర్పడిన సింగరేణి కంపెనీ ఆదిలాబాదు జిల్లాలో బెల్లంపల్లి ప్రాంతమున గనులు త్రవ్వెను. తరువాతి కాలమున గోదావరిఖని అంతకంటె పెద్ద కేంద్రమయ్యెను. 1938లో స్థాపింపబడిన సిర్పూరు కాగితపు మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభింపగా కొత్తపేట యను గ్రామము కాగజ్‌నగరమయ్యెను. రామగుండమున ఎరువుల కర్మాగారము 1980లోను, ఎన్టీపీసీ విద్యుత్కేంద్రము 1983లోను పని మొదలిడెను. వీని యన్నిటి చుట్టును క్వార్టర్లు లేచెను. క్వార్టరులో నున్న కార్మికుడు సైరను వినబడగానే నడచి పనికి పోగలడు. నీరు, దీపము, ఆసుపత్రి, బడి కంపెనీయే యిచ్చెను. మన మొదటి ప్రశ్నకు, అనగా దూరమును గూర్చిన ప్రశ్నకు, ఈ పట్టణములు చక్కని జవాబు చెప్పెను.

రెండవ ప్రశ్నకును మూడవదానికిని వాని జవాబు అంత చక్కనిది కాదు. నేల కంపెనీది, ఉద్యోగమున్నన్నాళ్ళే ఇల్లు. ముప్పదియేండ్లు బొగ్గు త్రవ్వినవాడు పదవీవిరమణ దినమున తాళముచెవి అప్పగించి, ముసలితనమున ఇల్లు వెదకికొనవలెను. కంపెనీ మూతబడినచో పట్టణమే మూతబడును. రామగుండపు ఎరువుల కర్మాగారము 1999లో మూతబడి, క్రొత్త సంస్థగా 2021లో మాత్రమే తిరిగి ఉత్పత్తికి వచ్చెను. కాగజ్‌నగరపు మిల్లు 2014లో ఆగి 2018లో క్రొత్త యాజమాన్యము క్రింద మరల తెరువబడెను. ఆ నాలుగేండ్లలో ఆ యూరి అంగళ్ళలో ఎన్నింటికి దీపము పెట్టు శక్తి యుండెనో ఊహింపవచ్చును. ఇంకను, క్వార్టరు దొరకనివారు క్వార్టరు దొరికినవారికంటె ఎప్పుడును ఎక్కువే. కాంట్రాక్టు కూలీలు, టీకొట్లవారు, కూరగాయలమ్మువారు కంపెనీ నేలపై గుడిసెలు వేసికొని, క్రమముగా గోడలు లేపుకొని, దశాబ్దములు కాపురము చేసిరి. పన్ను కట్టిరి, ఓటు వేసిరి. కాని నేలకు కాగితము లేదు. బొగ్గుగని ప్రాంతములలోని అట్టి యిండ్లను క్రమబద్ధముచేసి పట్టాలిచ్చుటకు ఉత్తర్వు 2019లో వెలువడెను. ఒక తరము గోడ కట్టెను, మరియొక తరము కాగితము చూచెను.

నేలకు కాగితము లేనివాని ఇల్లెంత బలహీనమో ఆదిలాబాదు అడవులలోని గోండులు అంతకు ముందే అనుభవించియుండిరి. నిజాము ప్రభుత్వము అడవులకు హద్దురాళ్ళు పాతినప్పుడు వారి పొలములు అడవిలో పడెను, వారు తమ యూళ్ళలోనే అక్రమ నివాసులైరి, గుడిసెలు తగులబెట్టబడెను. 1940లో జోడేఘాటువద్ద కుమురం భీము ప్రాణములర్పించిన పోరాటమునకు మూలమిదియే. తరువాత ప్రభుత్వము హైమెండార్ఫ్ అను మానవశాస్త్రవేత్తను పిలిపించెను. ఆయన మార్లవాయిలో నివసించి, గోండుల స్థితిని నివేదించి, భూమికి పట్టాలిచ్చుటే శాంతికి మార్గమని చెప్పెను. ఆ దశాబ్దములోనే వేలాది కుటుంబములు పట్టాలు పొందెను. అడవిలో నేర్చిన ఆ పాఠమును పట్టణములలో అమలుచేయుటకు మనకు మరి డెబ్బది యెనుబది యేండ్లు పట్టినది.

స్వాతంత్ర్యానంతరము 1960లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలియు, 1979లో బలహీనవర్గముల నిమిత్తము రాష్ట్ర గృహనిర్మాణ సంస్థయు ఏర్పడెను. మండలి కాలనీలు మధ్యతరగతివారికి ఉపకరించెను. వాయిదాలు కట్టగలవారికి ఇల్లు వచ్చెను. కట్టలేనివారికి ఊరి చివర స్థలము వచ్చెను. మానేటిపై కరీంనగరు చెంత 1974లో ప్రారంభమై 1985లో పూర్తియైన దిగువ మానేరు జలాశయమును, తరువాత మధ్య మానేరు జలాశయమును వేలాది ఎకరములకు నీరిచ్చుచున్నవి. కాని కొన్ని యూళ్ళు ఆ నీటి క్రిందనే యున్నవి. ఆ యూళ్ళవారికి పరిహారమిచ్చి పునరావాస కాలనీలు కట్టిరి. ఇల్లు పోయిన చోట ఇల్లు వచ్చెను. పొలము, పెరడు, బర్రెను మేపుకొను బీడు, అరువిచ్చు అంగడి, ఇవి కాలనీతోపాటు రాలేదు. ఇంటికి వెల కట్టుట సులభము. ఇంటి చుట్టునున్న జీవనమునకు వెల కట్టు పద్ధతి మన లెక్కలలో లేదు.

ఇప్పటి మాటకు వత్తము. 2015లో తెలంగాణ ప్రభుత్వము రెండు పడకగదుల ఇండ్ల పథకమును ప్రారంభించెను. 560 చదరపుటడుగుల ఇల్లు, లబ్ధిదారుడు పైకము కట్టనక్కరలేదు. ఒంటిగది యిల్లే పేదవానికి చాలునను పాత తలంపును ఈ పథకము త్రోసిపుచ్చినందులకు దానిని మెచ్చవలెను. ఆ సంవత్సరము నవంబరులోనే సికింద్రాబాదులోని ఐడీహెచ్ కాలనీలో 396 ఇండ్లు సిద్ధమయ్యెను. అచ్చట శిథిలమైన పాత యిండ్లున్న చోటనే క్రొత్తవి కట్టి పాతవారికే యిచ్చిరి. పనికి పోవు దారి మారలేదు, పిల్లల బడి మారలేదు, ఇరుగుపొరుగు మారలేదు. ఇల్లు మాత్రము మారెను.

మన ప్రాంతమున సిరిసిల్ల సంగతి చూడుడు. అచ్చట సాంచెలమీద బ్రదుకువారు వేలసంఖ్యలో గలరు. మగ్గము ఇంటినుండి షెడ్డుకు మారినప్పుడు నేతగాడు కూలివాడయ్యెను. ఇంటిలోని పని ఇల్లు విడిచిపోయెను. పన్నెండు గంటల పాళీ, పగలొక వారము, రాత్రి యొక వారము. ఈ శతాబ్దపు ఆరంభమున ఆ పట్టణమున జరిగిన ఆత్మహత్యలు దేశమునకెల్ల తెలిసినవే. 2021 జులై 4వ తేదిన తంగళ్ళపల్లి మండలములోని మండెపల్లివద్ద 1,320 ఇండ్ల కాలనీ ప్రారంభింపబడెను. అద్దె బాధనుండి 1,320 కుటుంబములకు విముక్తి కలుగుట సామాన్యమైన మేలు కాదు. అయినను పట్టణపు షెడ్డులో అర్ధరాత్రి పాళీ దిగువాడు ఎట్లు ఇల్లు చేరును, నాలుగిండ్లలో అంట్లు తోము స్త్రీ తెల్లవారుజామున పట్టణమున కెట్లు వచ్చును, ఆటో కిరాయి పోగా ఆమె చేతిలో మిగులునదెంత అని అడుగుట ఆ మేలును తక్కువచేయుట కాదు. దానిని సంపూర్ణము చేయుట. అదే దినమున సిరిసిల్లకు క్రొత్త కలెక్టరేటు భవనమును ప్రారంభమయ్యెను. ఉద్యోగికి వాహనము గలదు. దూరము వానికి పెద్ద మాట కాదు. దూరమును భరించువారు పేదలు, వారిలోను ముందుగా స్త్రీలు. దూరమైన యింటివలన పని మానుకొను వంతు వచ్చినప్పుడు మొదట మానుకొనునది భార్య. బడి మానుకొనునది కూతురు.

2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకము 5 లక్షల రూపాయల సహాయమును ఇంటి స్త్రీ పేర నిచ్చుచున్నది. ఇది సంస్కరణాభిమానులు హర్షింపదగిన నియమము. కాని దానిలో ముందువరుస సొంత స్థలమున్నవారిది. పల్లెలో పెరడు గలవానికిది చక్కగా ఉపకరించును. పట్టణమున అద్దె గదిలో నున్నవానికి గోడకంటె ముందు నేల కావలెను. చర్చ మరల నేలవద్దకే వచ్చుచున్నది.

నేలను ముందుగా సంపాదించిన పట్టణ మెట్లుండునో వియెన్నా చూపినది. మొదటి ప్రపంచయుద్ధానంతరము కరవుతో నున్న ఆ నగరము 1923లో గృహపన్ను వేసెను. విలాస భవనములవారు ఎక్కువగాను, చిన్న యిండ్లవారు నామమాత్రముగాను కట్టిరి. ఆ ధనముతో పురపాలకసంఘము నేల కొని, 1934 లోపల అరువదివేలకు పైగా నివాసములు కట్టించెను. 1930లో పూర్తియైన కార్ల్ మార్క్స్ హోఫ్ అను ఒక్క కట్టడములోనే 1,382 నివాసములు. వానితోపాటు చాకిరేవుశాలలు, శిశువిహారములు, గ్రంథాలయము, వైద్యశాల, అంగళ్ళు. నేల నగరము చేతిలో నుండుటచే అద్దె తక్కువ, వెడలగొట్టుదురను భయము తక్కువ. అందులకే నూరేండ్ల తరువాత నేటికిని ఆ నగరమున అధ్యాపకుడును, ట్రాముబండి నడుపువాడును ఒకే మెట్లమీద ఎక్కుచున్నారు.

మన క్రొత్త జిల్లా కేంద్రములకు ఇంత ధనము లేకపోవచ్చును, కాని ఇంకను కొంత నేల గలదు. 2021 మొదలు 2023 వరకు సిరిసిల్ల, పెద్దపల్లి, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదులలో కార్యాలయములు క్రొత్త సమీకృత భవనములకు తరలెను. ఇట్లు తరలినప్పుడు ఊరి నడుమ ఖాళీయగు ప్రభుత్వ స్థలములు, పాత గిడ్డంగులు, పాత క్వార్టర్ల ఆవరణములు చాల విలువైనవి. వానిని వేలము వేసినచో ఒక సంవత్సరపు లోటు తీరును. వానిమీద క్రింద అంగళ్ళు, పైన మూడంతస్తుల నివాసములు కట్టి, అంగళ్ళ అద్దెతో నీటికిని మెట్లకును మరమ్మతులు చేయించుచు, నివాసములను పారిశుద్ధ్య కార్మికులకు, సాంచెల కార్మికులకు, తోపుడుబండ్లవారికి, ఒంటరి స్త్రీలకు ఇచ్చినచో రెండు తరములకు ఊరిలో చోటు దొరకును. అమ్మిన నేలను మరల కొనుట ఏ మునిసిపాలిటీకిని సాధ్యము కాదు. కరీంనగరు చుట్టుప్రక్కల ప్రాంతమునకు 2017లో ఏర్పడిన శాతవాహన పట్టణాభివృద్ధి సంస్థవంటి సంస్థలు వీధుల పటముతోపాటు ఈ నేలల పటమును గూడ తయారుచేసి ప్రజల ముందుంచవలెను.

ప్రభుత్వము చేయవలసినది ఇది. ఈ పత్రికను చదువు గృహస్థులు చేయవలసినది వేరొకటి యున్నది. పట్టణములో అద్దె యిండ్లలో ఎక్కువభాగము సర్కారువి కావు, మనవి. మేడమీది రెండు గదులు, పెరటిలోని వాటా, బజారు వైపు గది, ఇవియే క్రొత్తగా ఊరికి వచ్చినవానికి మొదటి యాశ్రయములు. అంటరానితనమును రాజ్యాంగము 1950లో రద్దు చేసినది. దానిని పాటించువారిని శిక్షించుటకు 1955లో చట్టము వచ్చినది. అయినను గది చూడవచ్చిన యువకుని మనము జీతమెంత యని అడుగుటకు ముందు ఇంటిపేరేమని అడుగుచున్నాము. ఇంటిపేరు చాలకున్న మాంసము తిందురాయని అడుగుచున్నాము. ఆ ప్రశ్న యొక్క అర్థము అడిగినవారికిని తెలియును, అడుగబడినవారికిని తెలియును. అట్లు త్రిప్పిపంపబడినవాడు తన కులమువారున్న ఊరి చివరి వాడకు పోవును. పాత గూడెము ఈ విధముగా క్రొత్త పట్టణములో మరల పుట్టుచున్నది. దానిని పుట్టించుచున్నది ఏ నిజామును, ఏ కంపెనీయు గాదు.

కచ్చేరి స్థలమును ఏమిచేయవలెనో నిర్ణయించుటలో మనకు ఒక్క ఓటు మాత్రమే గలదు. మన యింటి వాటాను ఎవరికియ్యవలెనో నిర్ణయించుటలో అధికారమంతయు మనదే. కరీంనగరమునగాని, మంచిర్యాలలోగాని, ఈ నెలలో వాటా ఖాళీయైన గృహస్థుడు వచ్చినవానిని అద్దె యియ్యగలవా యని మాత్రము అడిగి, ఇంటిపేరు అడుగకుండ తాళముచెవి యిచ్చినచో, ఆ వీధిలో ఒక పనివానికి పనిచోటు దగ్గర ఇల్లు దొరకినట్లే.